జిగురత్త గోడ, నాలుగడుగుల తేమ

తేమ పరీక్ష రిపోర్టు చేతికి రాగానే జిగురత్త ముందు దాని కుట్టు చూసింది. కుట్టు ఎక్కడుంది? ఆరు కాగితాలకి మూలన ఒకే ఒక్క పిన్ను. "ఇల్లు నిలబడదని చెప్పడానికి వచ్చిన కాగితాలు ముందు తాము నిలబడడం నేర్చుకోవద్దూ?" అంటూ పిన్ను పీకింది. సూదీ దారం తీసి మూడు పోట్లు వేసింది. కుట్టిన కాగితాల వీపుకి జిగురు రాసి, ఇనప దిమ్మ కింద పెట్టి, ఆరాక తీసి అప్పుడు చదివింది.

చదివాక ఆవిడ ముక్కుపుటాలు అదిరిన తీరుకి పక్కింటి మేడ మీద ఆరేసిన దుప్పటి ఎగిరి పడిందని ఆవిడ మరిది ఇప్పటికీ ఒట్టు పెట్టి చెబుతాడు. మరిది మాటలో సగం తీసేసినా దుప్పటి అంచు కదిలే ఉంటుంది.

రిపోర్టులో ఉన్నది ఇది. ముందుగది పెద్ద గోడలో నేలలోంచి తేమ పైకి ఎక్కుతోంది. ఎత్తు నాలుగడుగులు, కిటికీ పక్కన అయిదడుగుల పైమాటే. గోడ పొడుగునా అడుక్కొక కన్నం వేసి మందు ఎక్కించాలి. పూత అంతా కొట్టేసి మళ్లీ వేయాలి. చివర్లో ఇంకో వాక్యం: "ఇల్లు చాలాకాలంగా నిర్లక్ష్యానికి గురైనట్టు కనిపిస్తోంది."

ఇల్లు కొనబోయేది పళ్ల డాక్టరమ్మ. కింద ముందుగదిలో క్లినిక్కు, పైన కాపురం అని ఆవిడ లెక్క. రిపోర్టు వెనకే ఫోను చేసింది. "తప్పుగా అనుకోకండమ్మా. ధరలో అయిదో వంతు తగ్గిస్తేనే నాకు కుదురుతుంది. శుక్రవారం లోపల ఏ సంగతీ చెప్పండి."

ఆ రోజు సోమవారం.

వీధి వీధంతా ఆవిణ్ణి జిగురత్త అనే పిలుస్తుంది. అసలు పేరు రేషను కార్డుకి తెలుసు, ఇంకెవరికీ తెలియదు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆ ముందుగదిలో పుస్తకాలు బైండు చేస్తోంది. ఆవిడ పనితనం తెలియనివాళ్లు ఆ చుట్టుపక్కల ఇద్దరే: నిన్న పుట్టినవాడు, రేపు పుట్టబోయేవాడు. ఒకసారి ఆవిడ బైండు చేసిన లావుపాటి నిఘంటువు బస్సు టాపు మీంచి జారి రోడ్డున పడింది. దాని మీంచి మూడు లారీలు, ఒక రోడ్డు రోలరు వెళ్లాయి. తీసి చూస్తే నూట పన్నెండో పేజీలో పెట్టిన ఈక నూట పన్నెండులోనే ఉంది. రోడ్డు రోలరు మాత్రం షెడ్డుకి వెళ్లింది. ఈ కథలో లారీల సంఖ్య చెప్పేవాణ్ణి బట్టి మారుతుంది గానీ ఈక మాత్రం కదలదు.

భర్త పోయి పదకొండేళ్లు. అప్పటినుంచి ఆవిడా, మరిదీ ఇద్దరే పని చేస్తున్నారు. ఆయన ఆరడుగుల మూడంగుళాల మనిషి, పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగితే రోజుకో కారణం చెబుతాడు, ఏదీ రెండోసారి చెప్పడు. వీధిలో ఆయన పేరు నిచ్చెన. వదిన నాలుగడుగుల పదంగుళాలు. ఇద్దరూ పక్కపక్కన నడిచి వస్తుంటే పదకొండు అంకెలో రెండో ఒకటి అరిగిపోయినట్టు ఉంటుంది.

ఇల్లు అమ్మడానికి కారణం ఒక మిషను. పెద్ద గ్రంథాలయం వాళ్లు చిరిగిన పుస్తకాలు నాలుగు వేలు బైండింగుకి ఇస్తామన్నారు. అన్ని పుస్తకాల అంచులు చేత్తో కోస్తూ కూర్చుంటే ఈ జన్మ చాలదు, కత్తిరింపు మిషను కావాలి. ఆ మిషను ఒక దున్నపోతంత ఉంటుంది, ఈ గుమ్మంలోంచి దాని కొమ్ము కూడా పట్టదు. ఊరి చివర పాత షెడ్డు ఒకటి అమ్మకానికి ఉంది. వెడల్పాటి షట్టరు, పైన అద్దాల కప్పు, చెయ్యి నీడ పుస్తకం మీద పడనంత వెలుతురు. ఓనరు శనివారం దాకా ఆగుతానన్నాడు. ఆ తర్వాత టైర్ల కొట్టువాడికి ఇచ్చేస్తాడు. ఇల్లు పూర్తి ధరకి పోతేనే షెడ్డు వస్తుంది. అయిదో వంతు తగ్గిందా, షెడ్డు లేదు, మిషను లేదు, నాలుగు వేల పుస్తకాలూ లేవు. ఇక మిగిలేది పిల్లల నోటుబుక్కుల అట్టలు.

"ఒప్పేసుకో వదినా," అన్నాడు నిచ్చెన. "వచ్చిన దాంతో చిన్న వాటా కొనుక్కుని హాయిగా కాళ్లు చాపుకుని కూర్చుందాం. ఇంకెంత కాలం ఈ జిగురు?"

"కాళ్లు నీవి పొడుగు, నువ్వు చాపుకో. నావి చాపినా ముడిచినా ఒకటే."

"తేమ పరీక్షకి వచ్చినాయన మిషను పెట్టి చూశాడు కదా. రెండు సూదులు గోడకి గుచ్చగానే కుయ్యోమని మొత్తుకుంది. నేను పక్కనే ఉన్నాను. మిషను అబద్ధం చెబుతుందా?"

"మిషను అబద్ధం చెప్పదు. అడిగిన దానికి జవాబు చెబుతుంది. ఆయన ఏం అడిగాడో అది కనుక్కోవాలి ముందు." జిగురత్త లేచి అరచెయ్యి గోడకి ఆనించింది. తర్వాత చేతి వెనక వైపు ఆనించింది. తర్వాత చెంప ఆనించింది. "తడి నాకు తెలియదా? కాగితం రేపు ముడత పడుతుందని ఇవాళ చెబుతాను నేను. ఈ గోడ ఎండుగా ఉంది."

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్లు."

"నాలుగో కాలు ఉంటే చూపించు, లెక్కపెట్టుకుంటా."

ఆ సూదుల మిషను తెచ్చినాయనకి జిగురత్త ఆ రోజే సూదుల సారు అని పేరు పెట్టేసింది. మర్యాదస్తుడే. చెప్పులు బయట విప్పాడు, టీ ఇస్తే కప్పు తనే కడిగాడు. ఆవిడకి గుచ్చుకున్నది ఒకటే. తేమ ఉందో లేదో తేల్చే కంపెనీ, ఆ తేమకి మందు ఎక్కించే కంపెనీ రెండూ ఒక్కటే. పరీక్ష కాగితం అడుగునే మందు ఖర్చు కూడా అచ్చేసి ఉంది.

మంగళవారం ఆవిడ గోడకేసి చూస్తూ గడిపింది. బయటికి వెళ్లి గోడ అడుగున మట్టి గోకి చూసింది, పొడి. నేల రాళ్ల సందుల్లో ఎండు కాగితం ముక్కలు దోపి మర్నాడు తీసి చూసింది, పెళపెళలాడుతున్నాయి. మరి మిషను ఎందుకు మొత్తుకుంది? మొండివాడు రాజు కన్నా బలవంతుడు అంటారు, కానీ రాజుకి కూడా కారణం ఒకటి కావాలి.

కారణం బుధవారం మధ్యాహ్నం దొరికింది. వకీలుగారి పాత చట్టాల పుస్తకం అర్జంటుగా ఇవ్వాలి. చిరిగిన పేజీల వెనక పల్చటి కాగితం అతికించి, తడిగా ఉండగానే ఒక్కొక్కటీ గోడకి అంటించి ఆరబెడుతోంది. అలా గోడకి అంటిస్తే కాగితం ఆరుతూ లాగి బిగుసుకుని, ఇస్త్రీ చేసినట్టు సాపుగా వస్తుంది. ఆవిడ పొట్టి పీట మీద కూర్చుని, చెయ్యి చాచి, బ్రష్షుతో అంచులు అదుముతోంది. ఒక కాగితం, రెండు కాగితాలు, మూడోది.

మూడో కాగితం పై అంచు మీద ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఏమయ్యా నిచ్చెనా," అంది తల తిప్పకుండా. "ఆ అడుగుల బద్ద ఇలా తే. నా వేలి కొన దగ్గర పట్టుకుని నేల దాకా కొలువు."

నిచ్చెన కొలిచాడు. "నాలుగడుగుల అర అంగుళం."

"రిపోర్టులో?"

"నాలుగడుగులు."

"నీ పీట మీద నువ్వు కూర్చో. చెయ్యి చాచు."

కిటికీ పక్కన పీట మీద ఆయన కూర్చున్నాడు. ఆ చోటు ఆయనది, ఇరవై ఆరేళ్లుగా ఆయనదే. చెయ్యి చాచాడు. ఈసారి జిగురత్త కొలిచింది. అయిదడుగుల రెండంగుళాలు.

"రిపోర్టులో కిటికీ పక్కన ఎంత?"

నిచ్చెన రిపోర్టు తీసి చదివాడు. చదివి నోరు తెరిచాడు, మూయడం మర్చిపోయాడు. గోడ మధ్యలో పెద్ద నొక్కుడు ప్రెస్సు పక్కకి జరిపించి, దాని వెనకున్న మూడడుగుల మేర సూదులు గుచ్చితే "మామూలు" అని కూడా అందులోనే ఉంది. పని చేసేటప్పుడు ప్రెస్సు వెనక్కి చెయ్యి ఎప్పుడూ దూరదు కదా.

జిగురత్తకి నవ్వు రావాలి. రాలేదు. అప్పుడు తట్టింది ఆవిడకి, తప్పు ఎవరిదో.

కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లో అత్తగారు తడి కాగితాలని చెక్క పలకల మీద ఆరబెట్టేది. పలకలు ఆరే, పది కాగితాలకి పూట పట్టేది. "ఇంత గోడ ఖాళీగా పెట్టుకుని ఆరు పలకలతో అవస్థ ఎందుకత్తా?" అని గోడ వాడకం మొదలుపెట్టింది కొత్త కోడలే. "గోడకి జిగురు మంచిది కాదే," అని అత్తగారు నాలుగు రోజులు గొణిగింది. అయిదో రోజు నుంచి పని రెట్టింపు అయ్యేసరికి ఊరుకుంది. ఆ తెలివి గురించి జిగురత్త ముప్ఫై నాలుగేళ్లుగా చెప్పని మనిషి లేడు. ఇప్పుడు ఆ జిగురు ఏమిటి? మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం, బూజు పట్టకుండా పటిక, పులవకుండా గుప్పెడు ఉప్పు. రోజూ ఆ నీళ్లు గోడ మీంచి నేల దాకా కారాయి. ఏటా ఆవిడే సున్నం వేసి మరకలు కప్పేసింది. పూతలో ఉప్పు ఉప్పుగానే ఉండిపోయింది.

"అంటే తేమ కాదు, మన ఉప్పు అన్నమాట," అన్నాడు నిచ్చెన. "పైకి చెప్పకు వదినా. వీధిలో పరువు పోతుంది. ముప్ఫై నాలుగేళ్లు గోడని ఊరబెట్టారు అంటారు."

"అననీ. చెయ్యని తప్పుకి ధర తగ్గించను. చేసిన తప్పు దాచను. ఫోను ఇలా ఇయ్యి."

గురువారం పొద్దున పది గంటలకి డాక్టరమ్మా, సూదుల సారూ ఇద్దరూ వచ్చారు. జిగురత్త ముందుగది ఊడ్చి, బల్ల మీద మూడు వస్తువులు పెట్టి ఉంచింది. ముదురు ఎర్ర అట్టల పాత పుస్తకం ఒకటి, మైలుతుత్తం తూచే చిన్న తక్కెడ ఒకటి, ఇనప పెనం ఒకటి.

"వంట నేర్పిస్తారా అమ్మా?" అంది డాక్టరమ్మ పెనం చూసి.

"వడ్డిస్తాను కూడా. కూర్చోండి. సారూ, మీ సూదులు తెచ్చారా?"

"తెచ్చానమ్మా. కానీ రీడింగులు మళ్లీ తీసినా అవే వస్తాయి. నేను రెండుసార్లు చూశాను."

"గోడ సంగతి తర్వాత. ముందు ఈ పుస్తకం అట్టకి గుచ్చండి."

సూదుల సారు డాక్టరమ్మ వైపు చూశాడు. ఆవిడ భుజాలు ఎగరేసింది. ఆయన పుస్తకం అట్ట లోపలి వైపు, జిగురు మందంగా ఉన్న చోట, రెండు సూదులూ గుచ్చాడు. కుయ్యోమంది మిషను. ఎర్ర దీపం వెలిగింది.

"పాపం, ఈ పుస్తకంలో కూడా నేలలోంచి తేమ ఎక్కుతోంది," అంది జిగురత్త. "పంతొమ్మిదేళ్లుగా చెక్క బీరువా పై అరలో ఉంది మరి. దీనికి ఎన్ని కన్నాలు వేసి మందు ఎక్కిద్దాం?"

డాక్టరమ్మ పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సూదుల సారు ఇంకో చోట గుచ్చాడు, మళ్లీ కుయ్యి. జిగురు లేని కాగితం మధ్యలో గుచ్చాడు, మిషను నిద్రపోయింది.

"లవణాలు ఉన్నాయి ఇందులో," అన్నాడు మెల్లగా.

"ఉన్నాయి. నేనే కలిపాను. ముప్ఫై నాలుగేళ్లు ఇదే జిగురు ఆ గోడకి పూశాను. అది నా తెలివితక్కువతనం, ఒప్పుకుంటున్నాను. ఇప్పుడు చూడండి." ఆవిడ పీట లాక్కుని కూర్చుని చెయ్యి చాచింది. "ఇది మీ నాలుగడుగులు. ఏమయ్యా, నువ్వు కూర్చో."

నిచ్చెన కిటికీ దగ్గర కూర్చుని చెయ్యి ఎత్తాడు, ఎప్పుడూ లేనిది కాస్త సిగ్గుపడుతూ.

"అది మీ అయిదడుగుల పైమాట. నీరు పల్లమెరుగు అంటారు. ఈ ఇంట్లో మాత్రం నీళ్లు నా చెయ్యి అందినంత వరకు ఎక్కి, మా మరిది దగ్గరికి రాగానే ఇంకో అడుగు ఎగిరి, మధ్యలో ప్రెస్సు వస్తే దానికి దారి ఇచ్చి తప్పుకున్నాయా? అంత మర్యాద తెలిసిన నీళ్లని నేను ఎక్కడా చూడలేదు. చూసి ఉంటే పనిలో పెట్టుకునేదాన్ని."

సూదుల సారు నవ్వలేదు. వెధవపని చేసినవాడి మొహం కాదది, ఆలోచిస్తున్నవాడి మొహం. "ఒక మాటమ్మా. నేలలోంచి వచ్చే నీళ్లు కూడా లవణాలు మోసుకొస్తాయి. మీ జిగురూ ఉండొచ్చు, దాని వెనక తేమా ఉండొచ్చు. ఈ మిషనుతో ఆ రెండూ విడదీయలేం."

"మంచి మాట అన్నారు. ఆ మాట మీ రిపోర్టులో లేదే?"

ఆయన మిషను కట్టేసి బల్ల మీద పెట్టాడు.

"అందుకే తక్కెడ. మీ డ్రిల్లుతో మీకు ఇష్టమైన చోట, మీ చేత్తోనే కన్నం వేయండి. పైపూత పొడి పారేయండి, లోపలి ఇటుక పొడి నాకివ్వండి. నేను వేస్తే అత్త ఏదో మాయ చేసిందంటారు."

ఆయన నేలకి జానెడు పైన కన్నం వేశాడు. రెండంగుళాల లోతు పొడి కాగితం మీద పట్టి, డాక్టరమ్మే తక్కెడలో పోసి తూచింది. పెనం మీద సన్న సెగన పావుగంట వేడి చేశారు. నీళ్లుంటే ఆవిరై పోతాయి, బరువు తగ్గుతుంది. ఆ పావుగంటా ముందుగదిలో నిచ్చెన కూడా నోరు మెదపలేదు. ఆయన జీవితంలో అంతకు ముందు అంతసేపు మౌనంగా ఉన్నది పురిటి మంచం మీద, అదీ ఏడవడానికి ఊపిరి తీసుకునేంత వరకే.

పొడి చల్లారాక మళ్లీ తూచారు. ముల్లు మొదట ఎక్కడ ఉందో అక్కడే నిలబడింది.

డాక్టరమ్మ వంగి దగ్గరగా చూసింది, పంటి పుచ్చు చూసినట్టు. "సారూ, ఇది ఎండు గోడేనా?"

"ఎండు గోడే," అన్నాడాయన. "పైపూతలో ఉప్పుంది. నాలుగడుగుల మేర పూత మారిస్తే చాలు. కన్నాలు, మందు అక్కర్లేదు. నా పొరపాటు. రిపోర్టు తిరగరాసి ఇస్తాను."

"ఆ పూత ఖర్చు నాది," అంది జిగురత్త. "ఊరబెట్టింది నేను కదా. ఇంకో మాట. నిర్లక్ష్యం అని రాశారు. ఏటా సున్నం వేసిన చేతులు ఇవి. అది కొట్టేయండి."

"కొట్టేస్తానమ్మా."

డాక్టరమ్మ లేచి చీర సర్దుకుంది. "అయితే ఇంట్లో ఇంకెక్కడా తేమ లేనట్టేగా? ఉంటే ఇప్పుడే చెప్పేయండి, మీరు చెబితే నమ్ముతాను."

ఇక్కడ కథ ఆగిపోయి ఉంటే నిచ్చెనకి చాలా సంతోషంగా ఉండేది. ఆయన వదిన వెనక నిలబడి కళ్లు పెద్దవి చేశాడు. తర్వాత దగ్గాడు. తర్వాత వదిన కాలి మీద కాలు వేశాడు. ఆ కాలు పదకొండో నంబరు, తట్టుకోవడం తేలిక కాదు. ఎందుకంటే వంటింట్లో తొట్టి కింద అలమర ఉంది. దాని తలుపు తీసి సూదుల సారు చూడనేలేదు. లోపల గొట్టం అతుకు దగ్గర ఏడాదిగా చెమ్మ.

షెడ్డు శనివారం. చేతికి అందిన ధర చేతిలో ఉంది. ఒక్క 'లేదు' చాలు.

"కాలు తియ్యవయ్యా," అంది జిగురత్త. "రండి డాక్టరమ్మా."

వంటింట్లో అలమర తలుపు తీసి, లోపలి డబ్బాలు రెండు పక్కకి జరిపింది. గోడ మీద అరచెయ్యంత నల్లటి మరక. ముట్టుకుంటే వేలికి అంటింది.

"ఇది తడి. అసలు తడి. దీనికి ఎంతవుతుందో లెక్క కట్టండి, అంతా తగ్గిస్తాను. దీనికి తగ్గిస్తాను, దానికి తగ్గించను. లేని రోగానికి పైసా ఇవ్వను, ఉన్న రోగం దాచి మీకు అంటగట్టను."

"వదినా!" అన్నాడు నిచ్చెన, తన కాలు ఎవరో తొక్కినట్టు.

సూదుల సారు మోకాళ్ల మీద కూర్చుని, తల అలమరలో పెట్టి, టార్చి వేసి చాలాసేపు చూశాడు. ఆయన తల బయటికి వచ్చేలోపు నిచ్చెన మనసులో షెడ్డు టైర్ల కొట్టుగా మారిపోయి, బోర్డు కూడా కట్టేసింది.

"గొట్టం అతుకు మార్చాలి, ఒక బస్తా సిమెంటు, ఒక రోజు పని," అన్నాడు సూదుల సారు. "గోడ లోపలికి పోలేదు."

"అంతేనా?" అంది డాక్టరమ్మ.

"అంతే."

డాక్టరమ్మ జిగురత్తకేసి చూసింది. "నేను రోజూ నలభై మందిని నోరు తెరవమంటాను. అడక్కుండా పుచ్చుపన్ను చూపించిన మనిషిని ఇవాళే చూశాను. ధర మీరన్నదే. ఈ అతుకు ఖర్చు తగ్గించండి, చాలు. రేపు కాగితాలు రాసుకుందాం."

"రాసుకుందాం. ఆ కాగితాలకి పిన్ను కొట్టకండి, కుట్టి ఇస్తాను," అన్నాడు నిచ్చెన, పోయిన ప్రాణం తిరిగొచ్చిన గొంతుతో.

శుక్రవారం మధ్యాహ్నానికి బయానా చేతిలో పడింది. జిగురత్త ఇంటికి కూడా పోకుండా నేరుగా ఊరి చివర షెడ్డు ఓనరు దగ్గరికి నడిచింది. ఓనరు స్టూలు మీద కూర్చుని పేపరు చదువుతున్నాడు. టైర్ల కొట్టువాడు అప్పటికే వచ్చి, షట్టరు వెడల్పు అడుగులు వేసి చూసుకుంటున్నాడు.

"శనివారం అన్నారు, ఒక రోజు ముందే వచ్చాను," అంది జిగురత్త బయానా కవరు ఓనరు ఒళ్లో పెడుతూ.

ఓనరు కవరు చూశాడు, ఆవిణ్ణి కింది నుంచి పై దాకా చూశాడు. ఆ చూపుకి పెద్ద సమయం పట్టలేదు.

"ఏమనుకోకండమ్మా, ఈ వయసులో ఇంత షెడ్డు మీకెందుకు? ఆ షట్టరు ఎత్తడానికే ఇద్దరు మగాళ్లు కావాలి."

జిగురత్త షట్టరు దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ కింది అంచులోకి దోపి, మోకాళ్లు వంచి, ఒక్క ఊపు ఊపింది. తుప్పు రాలుతూ, వీధంతా వినబడేలా గోల చేస్తూ షట్టరు లేచింది. ఆవిడ ఎత్తు దాకా లేచి ఆగింది. టైర్ల కొట్టువాడు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"నేను పోవడానికి ఇంత చాలు," అంది ఊపిరి సర్దుకుంటూ. "మిగతాది మా మరిది ఎత్తుతాడు. రసీదు రాయండి."

వంగకుండానే లోపలికి నడిచింది.